వరండా దాకా సిగ్నల్

ఫిబ్రవరి 10, సోమవారం

వార్నింగ్ వచ్చింది. మొదటిది. మూడు వస్తే మళ్ళీ హైదరాబాద్ సెంటర్‌కి వచ్చి కూర్చోవాలట.

షిఫ్ట్ ఎక్కేముందు స్పీడ్ టెస్ట్ పెట్టి స్క్రీన్‌షాట్ పంపాలి, అది రూలు. కంపెనీకి 25 ఎంబీపీఎస్ కావాలి. ఇవాళ సాయంత్రం ఐదింటికి నాకు వచ్చింది 6.2. పొద్దున ఇదే ల్యాప్‌టాప్, ఇదే కుర్చీ, 48 చూపించింది. నా ప్లానే యాభై. పొద్దున లేని మాయరోగం సాయంత్రానికి ఎక్కణ్ణుంచి వస్తుందో.

టీమ్ లీడ్ నీహారిక ఫోన్ చేసింది. ఆ పిల్లకి పాతికేళ్ళుంటాయేమో. మేడమ్, అక్కడ నెట్ ఇంతేనేమో, ఇక్కడికి వచ్చేయండి, ఏసీ ఉంటుంది, కాఫీ మెషీన్ ఉంటుంది అంది. మంచిపిల్లే. నేనేదో కాఫీకి మొహం వాచినట్టు మాట్లాడింది.

హైదరాబాద్ అంటే మళ్ళీ హాస్టలే. పదకొండేళ్ళు ఉన్నా అందులో. పక్క మంచం మీద మనిషి మారుతుండేది, అంతే తేడా. తిన్నావా అని అడిగిన ప్రాణి లేదు. నలభై మూడేళ్ళొచ్చాక వర్క్ ఫ్రమ్ హోమ్ ఇస్తామంటే ఎగిరి గంతేసి వచ్చా. మాది నందిగామ. అమ్మ పోయాక అక్కడ ఎవరూ లేరు. ఇక్కడ జగ్గయ్యపేటలో చర్చి పక్క సందులో ఇల్లు అద్దెకి దొరికింది. ముందు వరండా, మెట్లు, మెట్ల పక్కన కరివేపాకు మొక్క.

నిజం చెప్పాలంటే ఆ వరండా కోసమే ఉంటున్నా. సాయంత్రమైతే నిండిపోతుంది. రోజారమణి కుట్టుమిషను కట్టేసి వస్తుంది. ఏసురత్నంగారు క్వారీ నుంచి వచ్చి, స్నానం చేసి, పౌడర్ రాసుకుని మరీ వస్తారు. ఆడపిల్లలొస్తారు. ఎదురింటి బసవమ్మగారు పీట తెచ్చుకుంటుంది. నేను షిఫ్ట్‌లో ఉంటా కాబట్టి బయటికి రాలేను. కిటికీ రెక్క ఓరగా తీసి పెట్టుకుంటా. బసవమ్మగారు మెట్టెక్కిన ప్రతివాళ్ళనీ ఒకటే అడుగుతుంది, ఏం కూర అని. ఒకళ్ళు బీరకాయంటారు, ఒకళ్ళు చేపలంటారు. లోపల్నించి నేను కూడా చెప్తా. పెదాలు కదపకుండా చెప్తా.

ఫిబ్రవరి 11

పెదాలు కదిపితే రిపోర్ట్ అయిపోతుంది మరి. నా ఉద్యోగం పరీక్షలకి కాపలా. అమెరికాలో వాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని కంప్యూటర్లో పరీక్ష రాస్తారు. వాళ్ళ కెమెరాలు నా స్క్రీన్ మీద. ఒకేసారి ఆరు మొహాలు. పక్కకి చూస్తే రిపోర్ట్ బటన్ నొక్కాలి, పెదాలు కదిపితే నొక్కాలి. వాళ్ళకి నేను కనపడను. నన్ను నీహారిక చూస్తుంటుంది, ఇంకో కెమెరాలో. రోజుకి ఇన్ని మొహాలు చూస్తా, ఒక్కళ్ళతో ఒక్క మాట లేదు.

ఇవాళ మూడుసార్లు టెస్ట్ పెట్టా. పొద్దున 48. మధ్యాహ్నం 41, క్వారీలో బ్లాస్టింగ్‌కి అద్దాలు గలగలలాడాయి గానీ స్పీడ్ కదల్లా. సాయంత్రం 7. రౌటర్ ఆపి వేశా. 7. నా ఫోన్‌లో వైఫై ఆపేశా. 7. ప్రార్థన చేశా. 6.8.

ఫిబ్రవరి 13

నెట్ లైన్ చూసే సతీష్‌బాబు వచ్చాడు. షోకేసులో అమ్మ ఫోటో పక్కన, లేసు గుడ్డ కప్పి ఉన్న రౌటర్ని చూసి నవ్వాపుకోలేకపోయాడు. పెళ్ళికూతురికి ముసుగేసినట్టు వేశారేంటండీ అన్నాడు. సిమెంటు దుమ్ము పడుతుందని వేశా, ఆ లేసు నేనే అల్లా. అద్దం వెనక, స్టీలు సామాను మధ్యలో పెడితే సిగ్నల్ చచ్చి ఊరుకుంటుందట. తీసి కిటికీ పక్కన గూట్లో ఎత్తుగా పెట్టాడు. ల్యాప్‌టాప్‌కి వైరు కూడా లాగాడు. తన ఫోన్‌లో టెస్ట్ పెట్టి, 47, ఇంకేం కావాలండీ అన్నాడు. పొద్దున పదకొండింటికి వచ్చి చూస్తే ఎందుకుండదు. సాయంత్రం వచ్చి చూడవయ్యా అంటే, సాయంత్రం అందరిళ్ళల్లోనూ ఇదే గోలండీ అని బండెక్కి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 14

5.1. రౌటర్ మార్చినందుకు ఇంకా తగ్గింది.

వరండా మాత్రం కిటకిటలాడింది. వెనక సందు వాళ్ళు కూడా వచ్చారు. బసవమ్మగారికి పీట వేసే చోటు లేక గొడవ పెట్టుకుంది. నాకెంత సంతోషమేసిందో. అమ్మ ఉంటే చూపించేదాన్ని, చూడవే నీ కూతురింటికి ఎంతమంది వచ్చారో అని.

ఫిబ్రవరి 16, ఆదివారం, పొద్దున పదిన్నర

జలుబు. చర్చికి వెళ్ళలా. మైకులో పాటలు ఇంట్లోకే వినపడుతున్నాయి. ఊరికే టెస్ట్ పెట్టా. 49.6! ఇంత ఎప్పుడూ రాలా. సందులో పిట్ట లేదు, అందరూ ఆరాధనలో ఉన్నారు. పరిశుద్ధ దినాన నెట్‌కి కూడా పరిశుద్ధాత్మ దిగుతుందేమో.

ఫిబ్రవరి 19

బస్సెక్కి నందిగామ వెళ్ళా, నెట్ ఆఫీసుకి. మేనేజర్ డేవిడ్‌రాజుగారు చాలా మర్యాదస్తుడు. కూర్చోబెట్టి, టీ తెప్పించి, అసలు రోగమేంటో చెప్పకుండా వంద ప్లాన్ అంటగట్టారు. సాయంత్రం లోడ్ ఉంటుందమ్మా, మీకు కొంచెం పెద్ద పైపు కావాలి అన్నారు. సరే అన్నా. హాస్టల్‌కి వెళ్ళే కంటే పెద్ద పైపు నయం.

వస్తూ వస్తూ పాత ఇంటి ముందుగా వచ్చా. అమ్మ నర్సు కదా, డ్యూటీ దిగొచ్చాక కూడా జనం ఇంటికొచ్చేవాళ్ళు, సూది వేయించుకోటానికి. వేయించుకున్నాక వెళ్ళేవాళ్ళు కాదు. చెయ్యి రుద్దుకుంటూ కోడలి సంగతి, గేదె సంగతి, అన్నీ చెప్పేవాళ్ళు. నాకు ఫ్లోరెన్స్ అని పేరు పెట్టింది కూడా నన్నూ నర్సుని చేద్దామనే. నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఇంటికి తాళం వేసి ఉంది. గేటు పట్టుకుని కాసేపు నిలబడి వచ్చేశా. బస్సులో అద్దం తీసినంతసేపూ ముందు పోతున్న మిర్చి లారీ ఘాటు, అందరం తుమ్ములే.

ఫిబ్రవరి 20

వంద కొన్నా. తొమ్మిది వచ్చింది. సిగ్గులేని నెట్.

మార్చి 5, బుధవారం

రెండో వార్నింగ్.

ఆరు మొహాల్లో ఒకావిడ ఇవాళ. తల నెరిసింది, నాకంటే పెద్దది. ఈ వయసులో ఏం పరీక్షో పాపం, వేలితో లెక్కలేసుకుంటూ రాస్తోంది. బొమ్మ ఆగిపోయింది. ఆవిడ తల పక్కకి తిప్పినప్పుడే ఆగింది. ఆగి అట్లాగే ఉంది. పక్కకి చూస్తున్నట్టు సిస్టమ్ దానంతటదే రిపోర్ట్ చేసింది, ఆవిడ పరీక్ష ఆగిపోయింది. తర్వాత రికార్డింగ్ చూస్తే ఆవిడ తుమ్మింది, అంతే. నా నెట్ మూలంగా ఒక మనిషి తుమ్ము నేరమైంది. నీహారికకి నిజం చెప్పా. ఆవిడకి మళ్ళీ రాసే చాన్స్ ఇస్తారట, నాకు మాత్రం ఇదే ఆఖరుసారి అంది. సోమవారం ఆడిట్. 25 రాకపోతే నెలాఖరుకి సెంటర్‌లో ఉండాలి.

లెంట్ కూటాలు మొదలయ్యాయి, ఈస్టర్ దాకా నలభై రోజుల ప్రార్థనలు. చర్చిలో రోజూ సాయంత్రం మైకు.

మార్చి 7, శుక్రవారం, రాత్రి ఏడుంపావు, బ్రేక్‌లో

బ్రేక్ అయ్యేలోపు ఇది రాసెయ్యాలి.

బ్రేక్‌కి లేచానో లేదో కిటికీ తట్టారు. రోజారమణి. అక్కా, నెట్ ఆగిపోయింది, ఒక్కసారి ఆపి వెయ్యవా అంది.

ఏ నెట్ అన్నా.

మీ నెట్టే అక్కా, ఇంకే నెట్టు, ఈ మధ్య మరీ స్లోగా ఉంటోంది, బిల్లు కట్టావా అంది. మొహమాటం లేదు, ఏమీ లేదు. కరెంటు పోతే లైన్‌మన్‌ని అడిగినట్టు అడిగింది. నువ్వు పెద్ద ప్లాన్ వేయించినప్పుడు బాగా వచ్చింది, అప్పుడే మా టీవీకి కూడా పెట్టుకున్నాం, ఏసురత్నం బాబాయి వాళ్ళు కూడా పెట్టుకున్నారు అంది.

పాస్‌వర్డ్ నీకెవరు చెప్పారే అన్నా. అది విచిత్రంగా చూసింది. నువ్వే చెప్పావుగా అక్కా, సాక్ష్యంలో అంది.

డిసెంబర్ ముప్పై ఒకటి రాత్రి ఆరాధన. కొత్త సంవత్సరమంతా సంఘం పట్టుకోవాల్సిన వాగ్దాన వాక్యం బైబిల్లోంచి చదివారు, ఒంటరిగా ఉన్నవాళ్ళకి దేవుడు ఇల్లూ మనుషుల్నీ ఇస్తాడనే మాట. నాకు కన్నీళ్ళు ఆగలా. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పమంటే లేచా. ఇల్లు దొరికింది, నెట్ పెట్టించుకున్నా, ఈ వాగ్దానం రోజూ గుర్తుండాలని ఆ వాక్యం పేరూ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టుకోబోతున్నా అని మైకులో చెప్పా. చిన్న అక్షరాలతో, మధ్యలో గ్యాప్ లేకుండా అని కూడా చెప్పా. అందరూ ఆమెన్ అన్నారు. ఆ ఆమెన్‌కి ఎంత పొంగిపోయానో.

బ్రేక్ అయిపోయిందని బెల్ మోగింది. స్క్రీన్ ముందుకి వెళ్ళాలి.

మార్చి 8

అంటే నా కోసం కాదు.

గోడ దాటితే ఫోన్లకి సిగ్నల్ బాగా రాదు కాబట్టి వరండా. అంతే. మెట్ల మీద కూర్చుని గంటలు గంటలు చూసింది ఫోన్లు. నేనేమో ఫిబ్రవరిలో కొత్త చాప కూడా కొని వేశా వాళ్ళకి. వెర్రిదాన్ని. కిటికీ దగ్గరికి రౌటర్ మార్చి, చాప వేసి, వంద ప్లాన్ పెట్టించి, అమ్మకి చూపించేదాన్ని అనుకున్నా.

కోపం కూడా రావట్లా సరిగ్గా. సిగ్గేస్తోంది.

మార్చి 9, ఆదివారం

చర్చిలో ప్రతి మొహం చూశా. వందనాలు చెప్పారు అందరూ. ఎట్లా ఉన్నావని ఎవరూ అడగలా. నెట్ బాగు చేయించావా అని నలుగురు అడిగారు.

మార్చి 10, సోమవారం, సాయంత్రం నాలుగు

మార్చేశా. సతీష్‌బాబు ఫోన్‌లో ఎక్కడ నొక్కాలో చెప్పాడు. కొత్త పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పను. నా పేరూ కాదు, అమ్మ పేరూ కాదు, అర్థం లేని అక్షరాలు.

అదే రోజు, ఐదింటికి

97.3.

మార్చి 11

96. ఎవరూ రాలా.

మార్చి 12

97. రాలా.

ఆరు మొహాలూ అద్దంలో ఉన్నంత స్పష్టంగా ఉన్నాయి. ఒకతని చొక్కా గుండీ ఊడి వేలాడుతోంది, అది కూడా కనపడింది. చెప్దామంటే చెప్పకూడదు.

మార్చి 14, శుక్రవారం

మా చర్చి పాస్టరు నెహెమ్యా అయ్యగారు వచ్చారు, మధ్యాహ్నం. లోపలికి రమ్మంటే వరండాలోనే నిలబడ్డారు. ఖాళీ చాప వైపు చూస్తూ మాట్లాడారు. సోమవారం నుంచీ లెంట్ కూటాల లైవ్ వెళ్ళట్లేదట. మస్కట్‌లో ఉన్నవాళ్ళు ఫోన్లు చేస్తున్నారట. చర్చి కెమెరా కూడా నా నెట్ మీదే, రౌటర్ కిటికీ దగ్గరికి మార్చాక అక్కడిదాకా అందుతోందట! ప్రసంగం మొత్తం నా రౌటర్లోంచే ఎక్కుతోందన్నమాట లోకానికి.

ఆయన అడిగింది అది కాదు. గొంతు తగ్గించి, అమ్మా, వాగ్దానం మార్చావటగా అన్నారు. ఏడాది మధ్యలో వాగ్దానం మార్చటం ఏంటమ్మా, ఏదన్నా కష్టమొస్తే చెప్పు, ప్రార్థన పెడదాం అన్నారు. నేను విశ్వాసంలోంచి జారిపోయానని సందంతా అనుకుంటున్నారట.

నవ్వాలో ఏడవాలో తెలీలా. పాస్‌వర్డ్ మార్చానండీ, వాగ్దానం అట్లాగే ఉంది అన్నా. ఆయనకి తేడా అర్థమైందో లేదో. నాకే అర్థం కాలా ఆ తర్వాత.

మార్చి 16, ఆదివారం

నా బెంచీలో చోటు చాలానే ఉంది ఇవాళ.

మార్చి 18

బండి దగ్గర వంకాయలు ఏరుకుంటుంటే బసవమ్మగారు కనపడింది. ఆవిడకి ఉన్నది బటన్ల ఫోను, నెట్‌తో పనే లేదు. పోనీ ఈవిడన్నా నా కోసం వచ్చేదనుకున్నా లోపల లోపల. అడిగేశా. మీరెందుకు మానేశారండీ అని.

ఆవిడది కోదాడ వైపు, మాట దాచుకునే మనిషి కాదు. వాళ్ళు లేంది ఒక్కదాన్ని కూసుని ఏం జెయ్యనమ్మా అంది. మీరు నా ఇంటికి వస్తున్నారనుకున్నానండీ అన్నా. అట్లెట్ల అనుకున్నవు, నువ్వెన్నడు బయటకి వచ్చినవు గనక, తలుపేసుకుని లోపల కూసుంటివి, నీ మొహం చూసుడే ఇట్ల బండికాడ అంది. తిట్టినట్టు కాదు, ఉన్నమాట చెప్పింది. నా సంచిలోంచి పుచ్చు వంకాయ ఒకటి తీసి బండివాడి మొహాన కొట్టింది.

నిజమే. ఏడింటికి బ్రేక్ ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుని విన్నా గానీ ఒక్కరోజు తలుపు తియ్యలా. ఎందుకు తియ్యలా? తీస్తే మాటలాగిపోతాయేమోనని భయం.

మార్చి 19

ఆడిట్ రిజల్ట్ వచ్చింది. పాస్. నీహారిక మురిసిపోయింది. ఇంక మిమ్మల్ని ఎవరూ కదపరు మేడమ్, స్పీడ్ బ్రహ్మాండం, పైగా ఇదివరకు మీ వైపు నుంచి ఏవో గొంతులు వినపడేవి, ఇప్పుడు మీ ఇల్లు పర్ఫెక్ట్‌గా సైలెంట్‌గా ఉంది, టీమ్‌కి మీదే ఉదాహరణగా చూపిస్తున్నా అంది.

థాంక్స్ అన్నా. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చా. హాస్టల్‌కి వెళ్ళకూడదని కదా ఇదంతా చేసింది. హాస్టలే ఇక్కడికి వచ్చి కూర్చుంది.

మార్చి 21

అమ్మ గుర్తొస్తోంది పొద్దుటి నుంచీ. సూది కోసమేగా వచ్చేవాళ్ళు. అమ్మ ఏనాడూ అనుకోలా, వీళ్ళు నా కోసం రాలేదే, సూది కోసం వచ్చారే అని. స్టౌ మీద నీళ్ళు పెట్టి, సిరంజి మరిగేలోపు ఇంటి సంగతులన్నీ అడిగేది. మరిగాక కూడా అడిగేది. తొందరేముందిలే అనేది. జనం నెట్ కోసం వస్తే తప్పేంటి? నేనే మధ్యలో తలుపేసుకున్నా.

సతీష్‌బాబుకి ఫోన్ చేశా. రౌటర్లో గెస్ట్ నెట్‌వర్క్ అని వచ్చేవాళ్ళ కోసం వేరే ఉంటుందట. దానికి ఇంత అని హద్దు పెట్టొచ్చట, నాది నాకే ఉంటుంది. ఈ ముక్క మొదట్లోనే చెప్పొచ్చుగా నాయనా అంటే, మీరు స్లో అన్నారు గానీ జనం ఉన్నారని చెప్పలేదుగా అండీ అన్నాడు. అదీ నిజమే.

మార్చి 22, శనివారం

బసవమ్మగారింటికి వెళ్ళా. ఇన్నాళ్ళలో ఎదురింటి గడప తొక్కటం ఇదే మొదలు. విషయం చెప్పా. గెస్ట్ పాస్‌వర్డ్ రోజూ మారుస్తా. ఆ రోజు మీ ఇంట్లో ఏం కూరో అదే పాస్‌వర్డ్. నాలుగింటికి వచ్చి నాకు చెప్పాలి, ఇంకెవరికీ చెప్పకూడదు. కావాల్సినవాళ్ళు వచ్చి మిమ్మల్ని బతిమాలుకుంటారు.

ఆవిడ నడుం పట్టుకుని నవ్వింది. ఇయాల పప్పు అంది. చాలదండీ, ఎనిమిది అక్షరాలన్నా ఉండాలి అన్నా. ఉత్త పప్పు చాలదంటనా, ఈ సోకు ఎక్కడిదే అని గయ్యిమంది. మళ్ళీ తనే, దోసకాయ పప్పు అయితే సరిపోతదా అంది. సరిపోతుందండీ అన్నా.

మార్చి 23, ఆదివారం

సాక్ష్యాల టైములో మళ్ళీ లేచా. నేను వాగ్దానం మార్చలేదండీ అని మొదలుపెట్టి కూర సంగతి చెప్పా. ముందు ఎవరికీ అర్థం కాలా. రోజారమణికి అర్థమై, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. టీవీకి రాదా అక్కా అని వెనకనించి అడిగింది. రాదు, టీవీ కావాల్సినవాళ్ళు సొంత నెట్ పెట్టించుకోండి అన్నా. చర్చి కెమెరాకి మాత్రం విడిగా ఇస్తానన్నా. లైవ్ చూసుకునే బెన్ని గట్టిగా ఆమెన్ అన్నాడు. అయ్యగారు కూడా నవ్వేశారు.

మార్చి 24, సోమవారం

ఐదింటికి 74. చాలు.

ఆరింటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఒక్కళ్ళు. తర్వాత ఇద్దరు. బసవమ్మగారు పీట మీద మహారాణిలా కూర్చుని, ముందు మీ ఇంట్ల ఏం కూరో చెప్పుండ్రి, తర్వాత నాది చెప్తా అంటోంది. ఏసురత్నంగారు రెండుసార్లు తప్పు కూర కొట్టి అలిగారు.

ఏడింటికి తలుపు తీశా. మాటలాగిపోయాయి. ఒక్క క్షణమే. రోజారమణి చాప మీద పక్కకి జరిగింది.

మార్చి 25

ఇవాళ బసవమ్మగారు కూర చెప్పటానికి నాలుగింటికి వచ్చి, చెప్పకుండా గుమ్మంలో నిలబడింది. ముందు నీది చెప్పు అంది.

వంకాయ అన్నా. బయటికే అన్నా.